అసలైన పాత టెకీలాను గుర్తుపట్టడం ఎలా?

"అన్నా, ఎయిర్‌పోర్టులో ఉన్నా. వీటిలో ఏది తెమ్మంటావు?" అని ఒక ఫొటో. అందులో వరసగా పది పన్నెండు టెకీలా సీసాలు. పింగాణీ కూజాల్లాంటివి కొన్ని, గాజు మూతలవి కొన్ని, పుర్రె బొమ్మవి కొన్ని. నెలకోసారైనా నాకు ఇలాంటి మెసేజీ వస్తుంది. ఆ ఫొటో చూసి నేనేమీ చెప్పలేను, ఎందుకంటే చెప్పాల్సిన సంగతంతా సీసా వెనక లేబుల్ మీద ఉంటుంది. అడిగినవాళ్లకల్లా విడివిడిగా టైపు చేసే ఓపిక అయిపోయి, మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మొదటిసారి నేనూ సీసా అందం చూసే మోసపోయాను. బరువైన సీసా, లోపల చింతపండు పులుసు రంగు సరుకు. ఇంటికి తెచ్చి గొప్పగా మూత తీస్తే, మా బావ ఒక గుక్క తాగి "ఇదేంట్రా, వెనీలా ఐస్‌క్రీమ్ కరిగించి పోసినట్టుంది" అన్నాడు. ఆయన టెకీలా తాగడం అదే మొదలు. అయినా తప్పు కరెక్టుగా పట్టుకున్నాడు.

ఇది తాగమని ప్రోత్సహించడానికి రాసింది కాదు. అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లోనూ అమెరికాలోనూ 21 ఏళ్లు నిండాలి. రుచి చూసిన రోజు బండి తాళాలు ఇంట్లోనే ఉండాలి.

ముందు రెండు ముక్కలు తెలిస్తే చాలు

టెకీలా ఆగావె మొక్క నుంచి వస్తుంది. మన చేల గట్ల మీద, రైలు పట్టాల పక్కన పెరిగే కిత్తనారకు అది దగ్గరి చుట్టం. చాలామంది అనుకుంటున్నట్టు కలబంద కాదు, బ్రహ్మజెముడు అసలే కాదు. ఆగావెల్లో చాలా రకాలున్నా టెకీలాకు పనికొచ్చేది ఒక్కటే, నీలి ఆగావె. అది కూడా మెక్సికోలో హలిస్కో రాష్ట్రంలోనో, గ్వనహ్వాతో, మిచోవకాన్, నయారిత్, తమౌలిపాస్ రాష్ట్రాల్లో గుర్తించిన కొన్ని ప్రాంతాల్లోనో పండాలి. 1974 నుంచి ఆ పేరుకు చట్టపరమైన హద్దు ఉంది. మన తిరుపతి లడ్డు, బందరు లడ్డు పేర్లకు ఉన్నట్టే.

మొక్క ముదరడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆకులు చెక్కేస్తే మధ్యలో పెద్ద అనాసపండులాంటి దుంప మిగులుతుంది. దాన్ని పీన్యా అంటారు. కాల్చి, నలిపి, రసం తీసి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పడితే తెల్లటి టెకీలా వస్తుంది. దాన్ని ఓక్ చెక్క పీపాల్లో ఉంచితే రంగు, పాతదనం. సిద్ధాంతం ఇంతే.

కావలసినవి

- ఒకే డిస్టిలరీలో తయారైన మూడు సీసాలు: బ్లాంకో (తెల్లది), రెపొసాడో (పీపాలో కొన్ని నెలలున్నది), అన్యెహో (ఏడాదికి తగ్గకుండా ఉన్నది). చిన్న 50 మి.లీ. సీసాలు దొరికితే మేలు. లేదంటే ముగ్గురు స్నేహితులు తలా ఒకటి కొనండి.
- నోరు కాస్త సన్నగా ఉండే గాజు గ్లాసులు. చిన్న వైన్ గ్లాసు చాలు. స్టీలు గ్లాసు, షాట్ గ్లాసు వద్దు. వాటిలో వాసన నిలవదు.
- మంచినీళ్లు, ఉప్పు లేని బొరుగులు. కారప్పూస, చికెన్ ఫ్రై తర్వాత చూసుకుందాం.
- ఇంటర్నెట్ ఉన్న ఫోన్.

ఉప్పు, నిమ్మచెక్క, ఐసు అక్కర్లేదు. నాసిరకం సరుకు ఘాటును కప్పిపెట్టడానికే ఉప్పూ నిమ్మకాయా పనికొస్తాయి. ఇక్కడ మనం చేస్తున్నది దానికి తలకిందుల పని.

కొట్లో చేయాల్సింది

1. "100%" అనే అంకె వెతకండి. లేబుల్ మీద ఎక్కడో ఒకచోట "100% దె అగావె" అనో "100% అగావె" అనో స్పష్టంగా ఉండాలి. అది లేకుండా ఉత్త "టెకీలా" అని మాత్రమే ఉంటే, అందులో 49 శాతం దాకా చెరకు చక్కెరో మొక్కజొన్న సిరపో పులియబెట్టి కలిపినది ఉండవచ్చు. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. వాడుకలో దాన్ని మిక్స్‌తో అంటారు గానీ ఆ మాట సీసా మీద వేయరు. "నీలి ఆగావెతో తయారైనది" అని అందంగా రాసి, 100 అంకె ఎగ్గొట్టినవి కూడా ఇందులోకే వస్తాయి.

జాగ్రత్త: "గోల్డ్" లేదా "ఓరో" అని ఉంటే అది పాతది అనుకోకండి. చవక సీసాల్లో ఆ బంగారు రంగు చాలాసార్లు కారమెల్ రంగే. పీపా మొహం చూడనిదై ఉంటుంది.

2. వెనక్కి తిప్పి నోమ్ నంబరు చూడండి. ఎన్, ఓ, ఎం అనే మూడు అక్షరాలు, పక్కనే నాలుగంకెలు. ప్రతి టెకీలా సీసాకూ ఇది తప్పనిసరి. ఆ నంబరు బ్రాండుది కాదు, తయారీదారుది. ఉదాహరణకు ఫోర్తలేసా తయారీదారుది 1493. సియెతె లెగ్వాస్‌ది 1120. అరందాస్ ఊరి దగ్గరి లా అల్తెన్యా డిస్టిలరీది 1139, తపాతియో, ఎల్ తెసోరో బ్రాండ్లు అక్కడివే.

ఈ నంబరును ఆగావె మ్యాచ్‌మేకర్ (ఇదివరకటి పేరు టెకీలా మ్యాచ్‌మేకర్) అనే యాప్‌లో కొట్టండి. అదే డిస్టిలరీ నుంచి ఇంకా ఎన్ని బ్రాండ్లు వస్తున్నాయో, పీన్యాను ఎలా కాలుస్తారో, ఎలా నలుపుతారో కనిపిస్తుంది. ఒకే నంబరు కింద నలభై యాభై బ్రాండ్లు ఉన్నాయంటే, ఎవరు ఆర్డరిస్తే వాళ్లకు సీసా మార్చి పోసిచ్చే చోటు అన్నమాట. సినిమా తార బొమ్మ వేసినా, రాజుగారి కథ రాసినా లోపలి సంగతి అదే. ఒకటి రెండు బ్రాండ్లే ఉంటే కొంచెం ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. కొంచెమే, ఇదే చివరి తీర్పు కాదు.

3. ఎంతకాలం పీపాలో ఉందో చూడండి. బ్లాంకో అంటే పీపా దాకా వెళ్లనిది, వెళ్లినా రెండు నెలల లోపే. రెపొసాడో కనీసం 2 నెలలు. అన్యెహో కనీసం 1 సంవత్సరం, అదీ 600 లీటర్లకు మించని పీపాల్లో. ఎక్స్‌ట్రా అన్యెహో కనీసం 3 సంవత్సరాలు, ఈ తరగతిని 2006లో చేర్చారు. కొట్లో "అనెజో" అని అడిగినా ఇస్తారు. స్పానిష్‌లో ఆ జె అక్షరాన్ని హ అని పలుకుతారు కాబట్టి అన్యెహో అవుతుంది.

ఇక్కడే విస్కీ లెక్క నెత్తికెక్కించుకుని చాలామంది తప్పు చేస్తారు. ఎంత పాతదైతే అంత గొప్ప అనుకుంటారు. స్కాట్లండ్ చలిలో పన్నెండేళ్లు పట్టే పని హలిస్కో ఎండలో చాలా తొందరగా జరిగిపోతుంది. పైగా ఆగావె వాసన సుకుమారమైనది, చెక్క దాన్ని మింగేస్తుంది. నన్నడిగితే డబ్బుకు తగ్గ రుచి రెపొసాడోలోనూ, ఏడాది నుంచి రెండేళ్ల లోపు అన్యెహోలోనూ ఉంటుంది. ఐదేళ్ల సీసాలు మంచివే కావచ్చు. కళ్లు మూసుకుని తాగితే మాత్రం అది విస్కీయో టెకీలాయో చెప్పడం కష్టం. మరి అంత డబ్బు పెట్టి టెకీలా కొనడం ఎందుకు?

క్రిస్టలీనో అని ఇంకొకటి కనిపిస్తుంది. పీపాలో పెట్టి రంగు తెప్పించినదాన్ని మళ్లీ బొగ్గుతో వడకట్టి తెల్లగా చేసినది. రంగుతోపాటు కాస్త రుచీ పోతుంది. పార్టీల్లో బాగుంటుంది, మన పనికి వద్దు.

4. తయారీ మాటలు పట్టుకోండి. సంప్రదాయ పద్ధతి అని ప్రతి సీసా మీదా రాస్తారు. ఆ మాటకు విలువ లేదు. విలువున్న మాటలు ఇవి:

ఓర్నో అంటే ఇటుక పొయ్యి. పీన్యాలను అందులో పేర్చి ఒకటిన్నర రెండు రోజులు ఆవిరి మీద మగ్గబెడతారు. ఆటోక్లేవ్ అంటే, మన భాషలో చెప్పాలంటే, పెద్ద ప్రెషర్ కుక్కర్. అదే పని గంటల్లో అయిపోతుంది. ఆటోక్లేవ్ అనగానే మొహం చిట్లించక్కర్లేదు. ఓపికగా నడిపితే మంచి సరుకే వస్తుంది. మూడోది డిఫ్యూజర్. పచ్చి ఆగావెనే తరిగి, వేడినీళ్లతో తీపి అంతా పిండేసి, ఆ నీళ్లను తర్వాత ఉడికించే యంత్రం. దిగుబడి బాగుంటుంది, కాల్చిన దుంప రుచి మాత్రం రాదు. పాత టెకీలా కోసం వెతికేటప్పుడు దీన్ని పక్కన పెట్టేయండి.

తహోనా అన్న మాట కనిపిస్తే ఆగి చూడండి. పాత ఇళ్లకు సున్నం నూరిన గానుగ గుర్తుందా? గుండ్రటి కాలువ, అందులో ఎద్దు లాగే రాతి చక్రం. తహోనా అచ్చంగా అదే. కాల్చిన పీన్యాలను కాలువలో వేసి దాంతో నలుపుతారు. ఇప్పుడు చాలాచోట్ల మోటారు లాగుతుంది. అతొతొనిల్కో ఊళ్లో సియెతె లెగ్వాస్ వాళ్లు కంచరగాడిదలతో తిప్పే తహోనాను కూడా నిలుపుకున్నారు. ఫోర్తలేసా వాళ్లు అంతా తహోనాతోనే నలుపుతారు. రాయి పీచును చెరకు మిల్లులా చీల్చదు, మెదుపుతుంది. కొందరు ఆ పీచును కూడా రసంతోపాటే పులియబెడతారు. రుచి చిక్కబడేది అక్కడే.

ప్రత్యామ్నాయం: లేబుల్ మీద ఇవేవీ లేకపోతే నోమ్ నంబరుతో ఫోన్‌లో చూడండి. అక్కడా దొరక్కపోతే ఆ సీసా వదిలేయండి. మంచి పొయ్యి, మంచి గానుగ ఉన్నవాడు దాచుకోడు.

ఇంట్లో చేయాల్సింది

5. బ్లాంకోతో మొదలుపెట్టండి. ఈ మాట చెబితే "మాకు కావాల్సింది పాతది కదా, తెల్లదెందుకు?" అంటారు. ఒక ఇంటి వంట తెలియాలంటే ముందు వాళ్ల పప్పు తినాలి. మసాలా కూరలో తప్పులు దాక్కుంటాయి. బ్లాంకోలో దాక్కోవడానికి పీపా ఉండదు. మూడు గ్లాసుల్లో తలా 20 మి.లీ. పోసి పది నిమిషాలు వదిలేయండి. ఎండాకాలం మన గదుల్లో 35 డిగ్రీలు ఉంటుంది, అప్పుడు స్పిరిట్ ఘాటు ఒక్కటే ముక్కుకు తగులుతుంది. సీసాను ముందుగా ఫ్రిజ్‌లో పావుగంట ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టిన చలిలో వాసన చచ్చిపోతుంది.

6. వాసన చూడండి. గ్లాసులో ముక్కు దూర్చేయకండి. అంచుకు రెండు వేళ్ల దూరంలో పెట్టి, నోరు కొంచెం తెరిచి పీల్చండి. బ్లాంకోలో మీకు దొరకాల్సింది కుంపట్లో కాల్చిన చిలగడదుంప వాసన. పొట్టు మాడి, లోపలి పాకం బయటికి వచ్చి అంటుకుంటుంది చూడండి, ఆ వాసన. దాని వెనక మిరియం, కోసిన గడ్డి, నిమ్మతొక్క ఉండొచ్చు. ఆ చిలగడదుంపను గుర్తుపెట్టుకోండి. మిగతా పరీక్షంతా దానిమీదే ఆధారపడింది.

ఇప్పుడు రెపొసాడో. అదే చిలగడదుంప, పైన కొంచెం తేనె, కొంచెం దాల్చినచెక్క. తర్వాత అన్యెహో. కొత్త బెల్లం, ఎండు ఖర్జూరం, చెక్కబీరువా తలుపు తీసినప్పటి వాసన. వీటన్నిటి కింద చిలగడదుంప ఇంకా ఉందా? ఉంటే మీ సీసా మంచిది. ఎంత వెతికినా వెనీలా, చాక్లెట్, కేకు మీది క్రీము తప్ప ఏమీ తగలకపోతే అనుమానించండి.

ఆ అనుమానానికి కారణం ఉంది. పాత టెకీలాలో బరువులో 1 శాతం దాకా గ్లిసరిన్, కారమెల్ రంగు, ఓక్ చెక్క సారం, చక్కెర పాకం కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. లేబుల్ మీద చెప్పనక్కర్లేదు. 100% ఆగావె సీసాలకు కూడా ఈ మినహాయింపు ఉంది. ఒక శాతమే కదా అనిపిస్తుంది. సాంబారు గిన్నెలో ఇంగువ ఎంత వేస్తాం?

7. రుచి చూడండి. మొదటి గుక్క నోరు తడపడానికే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రెండో గుక్కను నాలుక మీద నాలుగైదు సెకన్లు తిప్పి మింగి, ముక్కుతో ఊపిరి వదలండి. మంచి అన్యెహో మొదట తియ్యగా అనిపించినా చివరకు పొడిగా, కాస్త మిరియం మంటతో ముగుస్తుంది. పెదాలు జిగటగా అంటుకుంటున్నా, దగ్గుమందు తాగినట్టు తీపి గొంతులో ఉండిపోయినా అది పీపా ఇచ్చిన తీపి కాకపోవచ్చు. మధ్యమధ్య నీళ్లు, బొరుగులు.

8. అరచేతి పరీక్ష, మర్నాటి గ్లాసు. నాలుగు చుక్కలు అరచేతిలో వేసి రెండు చేతులూ రుద్దండి. ఆల్కహాల్ ఎగిరిపోయాక చేయి పొడిగా ఉండి దుంప వాసన రావాలి. బంకబంకగా ఉంటే తీపి కలిపి ఉండొచ్చు. ఇది కోర్టు సాక్ష్యం కాదు, ఆచూకీ మాత్రమే. ఇంతకంటే నేను నమ్మేది మర్నాటి గ్లాసునే. రాత్రి ఖాళీ చేసిన గ్లాసులు కడగకుండా వదిలేయండి. పొద్దున్నే వాసన చూస్తే ఆల్కహాల్ పోయి అసలుది మిగిలి ఉంటుంది. ఎండిన చెక్క, మట్టి, కాల్చిన దుంప అయితే సంతోషం. నేను మొదట్లో చెప్పిన ఆ చింతపండు పులుసు రంగు సీసా గ్లాసులో మర్నాడు కూడా బేకరీ వాసనే వచ్చింది.

రంగు చూసి తీర్పు చెప్పకండి. చాలాసార్లు వాడిన పీపాలో ఏడాదిన్నర ఉన్న అన్యెహో ఎండుగడ్డి రంగులోనే ఉండొచ్చు.

మరి మెస్కాల్, రైసియా, సోతోల్?

మెస్కాల్ కూడా మెక్సికోలో ఆగావె నుంచి తీసే మద్యమే. ఒకప్పుడు టెకీలాను కూడా టెకీలా ఊరి మెస్కాల్ అనేవాళ్లు. ఇప్పుడు రెంటికీ వేర్వేరు చట్టాలు. మెస్కాల్ పేరుకు 1994లో రక్షణ వచ్చింది, ఎక్కువ భాగం వహాకా రాష్ట్రానిది. చాలా రకాల ఆగావెలు వాడొచ్చు. ఎక్కువగా దొరికేది ఎస్పదీన్, కొండల్లో చిన్నగా పెరిగేది తొబలా. ఇందులో మిక్స్‌తో బేరం లేదు, అంతా ఆగావె చక్కెరే ఉండాలి.

రుచిలో తేడా పొయ్యి దగ్గరే మొదలవుతుంది. నేలలో గొయ్యి తీసి, కట్టెలతో రాళ్లు కాల్చి, పైన పీన్యాలు పేర్చి, మట్టి కప్పి రోజుల తరబడి మగ్గబెడతారు. తేగలు తంపటి వేసినప్పటి పొగ వాసన తెలిసినవాళ్లకు మెస్కాల్ మొదటి గుక్కే చుట్టంలా తగులుతుంది. లేబుల్ మీద "ఆర్తెసనాల్" లేదా "అన్సెస్త్రాల్" ఉన్నవి తీసుకోండి. రెండోది మట్టికుండల బట్టీలో దించేది. అడుగున పురుగు ఉన్న సీసాకు ఎక్కువ డబ్బు పెట్టకండి, అది అమ్మకాల చమత్కారం. టెకీలాలో పురుగు ఉండనే ఉండదు.

పాత రుచి కావాలనుకుని మెస్కాల్ అన్యెహో కొనకండి. అక్కడి మంచి తయారీదారుల్లో చాలామంది పీపా జోలికి పోరు. ఆగావె రకాన్ని చెక్క కప్పేస్తుందని వాళ్ల అభిప్రాయం, నా అభిప్రాయం కూడా. మాగబెట్టాలనుకుంటే గాజులో ఉంచుతారు.

రైసియా హలిస్కోదే, పుల్లటి పళ్ల వాసనతో వింతగా ఉంటుంది. బకనోరా ఉత్తరాన సొనోరా రాష్ట్రానిది. సోతోల్‌ను ఆగావెల అరలోనే పెడతారు గానీ అది ఆగావె కాదు, దసిలిరియన్ అనే వేరే మొక్క నుంచి వస్తుంది.

మన దక్కన్ కిత్తనారతో డెస్మండ్‌జీ, పిస్టోలా లాంటి స్పిరిట్లు వస్తున్నాయి. మెక్సికోలో చేసినవి కావు కాబట్టి టెకీలా అనకూడదు, ఆగావె స్పిరిట్ అనాలి. నకిలీ అని కాదు, మొక్కా వేరు, నేలా వేరు. పోల్చి చూడటానికి నాలుగో గ్లాసుగా పెట్టుకోండి, సరదాగా ఉంటుంది.

ఇక ఎప్పుడూ వచ్చే ప్రశ్న: "మా చేను గట్టు మీద కిత్తనార బోలెడుంది, ఇంట్లో చేసుకోవచ్చా?" వద్దు. ఇంట్లో బట్టీ పెట్టడం నేరం. తెలియకుండా చేస్తే మిథనాల్‌తో కళ్లు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. అంతదాకా ఎందుకు, ఆ పచ్చి మట్ట రసం చర్మానికి తగిలితేనే దద్దుర్లు లేస్తాయి.

దాచడం, తేవడం

సీసాను నిలబెట్టి ఉంచండి, వైన్‌లా పడుకోబెడితే కార్క్ నానిపోతుంది. ఎండ తగలనివ్వకండి. పీపాలోంచి బయటికి వచ్చాక టెకీలా ఇక పాతబడదు, కాబట్టి బీరువాలో పదేళ్లు దాచి లాభం లేదు. సగం కంటే కిందికి దిగాక ఆరేడు నెలల్లో ముగించండి, లేదా చిన్న సీసాలోకి నిండుగా మార్చండి.

ఇండియాకు తెచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు. డ్యూటీ ఫ్రీలో కొన్నది సీలు వేసిన సంచిలోనే ఉంచండి. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి హైదరాబాద్‌కో విశాఖకో దేశీయ విమానం ఎక్కేవాళ్లు కస్టమ్స్ దాటగానే సీసాను బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టేయండి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర ఆపేయవచ్చు. అక్కడ నిలబడి మళ్లీ నాకు ఫొటో పంపినా నేను చేయగలిగిందేమీ ఉండదు.